చైత్ర వైశాఖాలు ఎక్కడికి పోయాయి?

(గ్రంథాలయ ఉద్యోగులు, ఇంజనీరింగ్ విద్యార్థులు కలిసి హాజరైన సభలో చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో గ్రంథాలయాల నుంచి వచ్చినవారు కూర్చున్నారనీ, వెనక వరసల్లో ఉన్నది కంప్యూటర్ సైన్స్ విద్యార్థులనీ నిర్వాహకులు చెప్పారు. మీరిద్దరూ చేసేది ఒకే పని అని మిమ్మల్ని ఒప్పించడానికి వచ్చాను. నేను ఇరవై ఏళ్లుగా డేటా నిల్వ చేసే వ్యవస్థలు కడుతున్నాను. ఆ పనిలో నాకు తగిలిన దెబ్బల్లో డిస్కులు చెడిపోయి తగిలినవి తక్కువ. కాటలాగు దగ్గర తగిలినవే ఎక్కువ.

ఒక దెబ్బతోనే మొదలుపెడతాను.

కొన్నేళ్ల కిందట కొందరు మిత్రులం కలిసి ఒక పాత తెలుగు మాసపత్రిక సంచికలను స్కాన్ చేయడం మొదలుపెట్టాం. పత్రిక పేరు చెప్పను. తెలిసినవాళ్ల ఇళ్లలో అటకల మీద ఉన్న కట్టలు దింపి, దుమ్ము దులిపి, చిరిగిన అంచులు సరిచేసి, పేజీ తర్వాత పేజీ స్కాన్ చేశాం. సంచికలన్నీ తెలుగు నెలల పేర్లతో వెలువడ్డాయి కాబట్టి ఫైళ్లకు కూడా అవే పేర్లు పెట్టాం: సంవత్సరం, నెల, పేజీ సంఖ్య. ఏ సంచికలో ఏ కథ ఉంది, ఎవరు రాశారు, ఏ పేజీలో మొదలవుతుంది అనే వివరాలన్నీ ఒక డేటాబేస్‌లో ఎక్కించాం. ఈ రెంటికీ మధ్య లంకె ఫైలు పేరే. డేటాబేస్‌లో ఉన్న పేరు పట్టుకుని వెళ్తే ఆ పేరుతో ఉన్న పేజీ తెరుచుకోవాలి. ఈ ఏర్పాటు చేసింది నేనే, ఇంకెవరినీ అనడానికి లేదు.

అంతా ఒక సర్వర్ మీదికి మార్చిన రోజు రాత్రి మిత్రుడొకరు ఫోన్ చేశారు. "చైత్రం తెరుచుకోవడం లేదండీ. వైశాఖం కూడా." జ్యేష్ఠం బాగానే ఉంది. ఆషాఢం బాగానే ఉంది. అక్కడి నుంచి ఫాల్గుణం దాకా ఏ ఇబ్బందీ లేదు. మరుసటి ఏడాది సంచికలు చూశాం. అక్కడా చైత్ర వైశాఖాలు లేవు. ఆ పై ఏడాదీ అంతే. ఏటా ఉగాదితో మొదలయ్యే రెండు నెలలు మాయం! సర్వర్‌లోకి వెళ్లి చూస్తే ఫైళ్లు అక్కడే ఉన్నాయి. పేర్లు అక్షరం పొల్లుపోకుండా సరిపోతున్నాయి. తెరవమంటే మాత్రం అలాంటి ఫైలే లేదంటోంది.

వెనక వరసల్లో ఎవరికైనా తట్టిందా? పన్నెండు నెలల పేర్లలో ఐత్వం ఉన్నవి ఆ రెండే. చై, వై. తెలుగు ఐత్వాన్ని, కంప్యూటర్లు అన్ని భాషల అక్షరాలకూ వాడే సంకేత పద్ధతి అయిన యూనికోడ్‌లో రెండు రకాలుగా రాయవచ్చు. మొత్తం ఒకే గుర్తుగా రాయడం ఒక పద్ధతి. పైన ఎత్వం, కింద తోక అని రెండు గుర్తులుగా విడదీసి రాయడం రెండో పద్ధతి. మనం బడిలో పలక మీద దిద్దింది రెండో పద్ధతిలోనే: ముందు తల మీద ఎత్వం, తర్వాత కింద తోక. తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. కంప్యూటర్‌కు మాత్రం ఒకటి 3 బైట్లు, రెండోది 6 బైట్లు. కొన్ని ఫైల్ వ్యవస్థలు, అంటే డిస్కు మీద ఫైళ్లను అమర్చే ఏర్పాట్లు, పేర్లను ఇలా విడదీసి దాచుకుంటాయి, కొన్ని ఇచ్చింది ఇచ్చినట్టు దాచుకుంటాయి. మా ఫైళ్లు ఒక ల్యాప్‌టాప్ మీదుగా సర్వర్‌కు వచ్చాయి. ఆ దారిలో ఐత్వాలు విడిపోయాయి. డేటాబేస్‌లో ఉన్నవి కలిసే ఉన్నాయి.

డిస్కులన్నీ ఆరోగ్యంగా ఉన్నాయి. పోయిన పేజీ ఒక్కటీ లేదు. అయినా పాఠకుడి దృష్టిలో ఏటా రెండు నెలల సాహిత్యం పోయినట్టే.

ఫైలు పేరులోనే వివరాలన్నీ కుక్కే అలవాటు మనలో చాలామందికి ఉంది. తెలుగులో ఆ అలవాటు మరీ ఖరీదైనది. చాలా సర్వర్లను నడిపే లినక్స్‌లో మామూలుగా వాడే ఫైల్ వ్యవస్థలో ఒక పేరుకు 255 బైట్లే చోటు. యూనికోడ్ గుర్తులను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది. అంటే 85 గుర్తులు. "శ్రీ" అనే ఒక్క అక్షరానికే నాలుగు గుర్తులు ఖర్చవుతాయి: శకారం, పొల్లు, రకారం, దీర్ఘం. రచయిత పేరు, బిరుదు, కథ పేరు, పత్రిక పేరు అన్నీ ఒక ఫైలు పేరులో ఇరికించబోతే సగం దారిలో చోటు అయిపోతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. దాచవలసిన ఏ వస్తువుకైనా రెండు భాగాలుంటాయి. ఒకటి సరుకు: ఫొటో, స్కాన్ చేసిన పేజీ, పాట, వీడియో. రెండోది ఆ సరుకు గురించిన వివరాలు, ఇతర వస్తువులతో దానికి ఉన్న బంధుత్వాలు. దీన్ని మెటాడేటా అంటారు. నేను ఆ మాటే వాడతాను. దానికి చేసిన సంస్కృతానువాదాలు నాకు నోరు తిరగవు, మీకు చెవి తిరగదు.

ఈ రెండింటి స్వభావాలు ఉత్తర దక్షిణాలు. ఏ4 కాగితాన్ని అంగుళానికి 300 చుక్కల చొప్పున రంగుల్లో స్కాన్ చేసి, కుదించకుండా దాస్తే ఒక పేజీ సుమారు 26 మెగాబైట్లు. ఆ పేజీ గురించిన వివరాలు ఎంత ఓపికగా రాసినా ఒక కిలోబైటు దాటవు. పరిమాణంలో 26 వేల రెట్లు తేడా. సరుకు ఒకసారి రాస్తే ఇక మారదు. 1930ల నాటి పేజీ రేపు ఇంకోలా ఉండదు కదా. మెటాడేటా రోజూ మారుతుంది. అచ్చుతప్పు దిద్దుతాం. కలం పేరు వెనక ఉన్న మనిషి ఎవరో తెలుస్తుంది. కథ అనుకున్నది అనువాదమని తేలుతుంది. సరుకును అడిగే పద్ధతి ఒకటే: "ఫలానా పేజీ ఇవ్వు." మెటాడేటాను వంద రకాలుగా అడుగుతారు: ఈ రచయితవన్నీ చూపించు, ఈ ఏడాదివన్నీ చూపించు, ఈ కథకు బొమ్మ వేసినవారు ఇంకా ఏ పత్రికల్లో వేశారో చెప్పు.

ఇంత తేడా ఉన్నవాటిని ఒకే కొట్టులో పెడితే రెండూ ఇబ్బంది పడతాయి. అందుకే వేరు కాపురం పెట్టిస్తాం. అప్పటి నుంచి ఆ రెండు ఇళ్ల మధ్య రాకపోకలు సరిగ్గా సాగేలా చూడడమే మన ఉద్యోగం. మిగతా పని డబ్బు పెడితే దొరుకుతుంది. డిస్కులు దొరుకుతాయి, సర్వర్లు దొరుకుతాయి. లంకె దొరకదు, దాన్ని మనమే చేసుకోవాలి.

పెద్ద మోతాదులో దీన్ని ఎదుర్కొన్నవాళ్ల సంగతి చూద్దాం. 2010లో ఫేస్‌బుక్ ఇంజనీర్లు తమ ఫొటోల నిల్వ వ్యవస్థ గురించి ఒక పరిశోధన పత్రం ప్రచురించారు. దాని పేరు హేస్టాక్, అంటే గడ్డివాము. అందులో ఒక్కో బొమ్మను సూది అన్నారు. అప్పటికి వాళ్ల దగ్గర 26,000 కోట్ల బొమ్మలున్నాయి. 20 పెటాబైట్లకు పైగా సరుకు. వారానికి 100 కోట్ల కొత్త ఫొటోలు వచ్చిపడేవి. రద్దీ ఎక్కువగా ఉన్నప్పుడు సెకనుకు 10 లక్షలకు పైగా బొమ్మలు అందించవలసి వచ్చేది. మనం ఎక్కించే ప్రతి ఫొటోనూ నాలుగు పరిమాణాల్లో దాచేవాళ్లు, అందుకే లెక్క అంత పెరిగింది.

అంతకుముందు వాళ్లు చేసింది మనందరం చేసేదే. ఒక బొమ్మ, ఒక ఫైలు, ఫోల్డర్ల నిండా ఫైళ్లు. మొదట్లో ఒక్కో ఫోల్డర్‌లో వేల ఫైళ్లు పెట్టారు. అప్పుడు ఒక్క బొమ్మ తెరవడానికి డిస్కును పదిసార్లకు పైగా తట్టి లేపవలసి వచ్చేది. ఫోల్డర్‌కు వందల్లో ఫైళ్లు ఉండేలా తగ్గిస్తే అది మూడు సార్లకు దిగింది: ఫోల్డర్ వివరాలు చదవడానికి ఒకసారి, ఫైలు వివరాలు చదవడానికి ఒకసారి, చివరికి బొమ్మను చదవడానికి ఒకసారి. హార్డ్ డిస్క్ అంటే తిరిగే పళ్లెం, దాని మీద అటూ ఇటూ కదిలే ముల్లు. పాత గ్రామఫోనును తలచుకోండి. మామూలు డిస్కులో ఆ ముల్లు సెకనుకు సుమారు వంద చోట్లకు దూకగలదు, అంతకుమించి పెద్దగా ఆశించకూడదు. మూడు దూకుళ్లలో రెండు చిరునామా కనుక్కోవడానికే ఖర్చయితే, కొన్న డిస్కుల్లో మూడింట రెండు వంతులు చిరునామాలు చదవడానికి కొన్నట్టు.

వివరాలను ముందే మెమరీలో పెట్టుకుంటే సరిపోదా అంటారు. అక్కడే చిక్కు. వాళ్లు వాడిన లినక్స్ ఫైల్ వ్యవస్థ ఒక్కో ఫైలు గురించి దాచుకునే వివరాలు 536 బైట్లు. 26,000 కోట్ల బొమ్మలకు గుణించండి, 139 టెరాబైట్లు. అంత మెమరీ ఎవరు కొంటారు? పైగా ఆ 536 బైట్లలో ఉన్నదేమిటి? ఫైలు యజమాని ఎవరు, ఎవరు చదవవచ్చు, ఎవరు రాయవచ్చు, చివరిసారి ఎప్పుడు ముట్టుకున్నారు. అన్నిటికీ యజమాని ఆ సర్వరే, చదివేదీ ఆ సర్వరే. ఊరందరిదీ ఒకే ఇంటిపేరైనప్పుడు ప్రతి గుమ్మానికీ ఇంటిపేరు చెక్కించడం లాంటిది.

అందుకని వాళ్లు లక్షల బొమ్మలను ఒకదాని వెనక ఒకటి ఒకే పెద్ద ఫైలులో పేర్చారు. ఒక్కో ఫైలు సుమారు 100 గిగాబైట్లు. ఏ సూది ఆ ఫైలులో ఎన్నో బైటు దగ్గర మొదలవుతుంది, ఎంత పొడవు అన్నదే మెమరీలో పెట్టుకున్నారు. బొమ్మకు సగటున 10 బైట్లు. 139 టెరాబైట్ల లెక్క రెండున్నర దగ్గరకు దిగివచ్చింది. చిరునామా మెమరీలోనే ఉంటుంది కాబట్టి డిస్కు ముల్లు ఒక్కసారే కదులుతుంది, నేరుగా బొమ్మ దగ్గరికి. బొమ్మను ఒక్క చుక్క కూడా కుదించలేదు. కుదించిందంతా మెటాడేటానే.

ఇక నాకు ఈ పత్రంలో అన్నిటికంటే నచ్చిన చోటు. ప్రతి సూదీ తన గుర్తింపు సంఖ్యను తనలోనే మోస్తుంది. తన పొడవెంత, తనను తొలగించారా లేదా, తన బైట్లు చెడలేదని రుజువు చేసే చెక్‌సమ్, అన్నీ సూదిలోనే ఉంటాయి. చిరునామాల పట్టికను డిస్కు మీద విడిగా రాస్తారు గానీ, అది తీరిగ్గా, కాస్త వెనకబడి రాస్తారు. కరెంటు పోయిందనుకోండి, చివరగా వచ్చిన కొన్ని సూదులకు పట్టికలో పేరు ఉండదు. వాటిని వాళ్లు అనాథలు అన్నారు. యంత్రం మళ్లీ లేచాక పట్టిక ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి పెద్ద ఫైలును చదువుకుంటూ పోయి, ఒక్కో అనాథనూ పలకరించి, పేరడిగి పట్టికలో ఎక్కిస్తుంది. పేరు సూదిలోనే ఉంది కాబట్టి ఇది కుదిరింది.

ఇది చదివినప్పుడు నాకు మన తాళపత్రాలు గుర్తొచ్చాయి. ముందు వరసలవారు అప్పుడే నవ్వుతున్నారు, ఎక్కడికి వెళ్తున్నానో వాళ్లకు తెలిసింది. మన పాత కావ్యాల్లో ప్రతి ఆశ్వాసం చివరా ఒక గద్య ఉంటుంది. కవి పేరు, తండ్రి పేరు, గొప్పతనం చాటుకునే నాలుగు సమాసాలు, కావ్యం పేరు, చివరికి ఇది ఎన్నో ఆశ్వాసమో. ఆశ్వాసం మారితే సంఖ్య ఒక్కటే మారుతుంది, మిగతా గద్య యథాతథం. పుస్తకంలో చదువుతుంటే "మళ్లీ ఇదా" అని పేజీ తిప్పేస్తాం. అచ్చు పుస్తకానికి అట్ట ఉంటుంది, అట్ట మీద పేరు ఉంటుంది. తాటాకులకు అట్ట చెక్కలున్నా, దారం తెగిందంటే కట్ట కట్టంతా చెల్లాచెదురవుతుంది. అప్పుడు ఆకు అంచున వేసిన అంకె వరసను చెబుతుంది, గద్య కావ్యాన్ని చెబుతుంది. ఎక్కడో ఉన్న జాబితా కాలిపోయినా, రాసిన సరుకే తన ఊరూ పేరూ చెప్పుకుంటుంది.

అందులో లోటు కూడా ఉంది. గద్య ఆశ్వాసం చివరే వస్తుంది. రెండు కావ్యాల ఆకులు కలిసిపోతే మధ్య ఆకుల మీద ఉన్నది అంకె మాత్రమే. రెండింటిలోనూ 43వ ఆకు ఉంటుంది. ఏది ఎవరిదో తేల్చడానికి పరిష్కర్తలు ఛందస్సు, లేఖరి దస్తూరి చూసుకుంటూ కూర్చోవాలి. సూది ఆ పని ఇంకో మెట్టు ముందుకు తీసుకెళ్లింది. ప్రతి ఆకు మీదా కవి పేరు గంటంతో గీసినట్టు.

మా పత్రికకు నేను తర్వాత చేసింది ఇదే. ఫైళ్ల పేర్ల నుంచి తెలుగును, నెలలను, అర్థాలను తీసేశాను. ఫైలు పేరు దాని లోపలి బైట్ల నుంచి లెక్కగట్టిన హ్యాష్. ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతిలో అది 64 అక్షరాల పొడవు. లోపల ఒక్క చుక్క మారినా పేరు మొత్తం మారిపోతుంది. కాబట్టి పేరే ముద్ర. ఫైలు చెడిందా లేదా తెలుసుకోవాలంటే మళ్లీ లెక్కగట్టి పేరుతో పోల్చితే చాలు. ప్రోగ్రాముల్లో చేసే మార్పులను దాచే గిట్ అనే పరికరాన్ని 2005 నుంచి వాడుతున్న ప్రోగ్రామర్లందరూ తెలిసో తెలియకో నమ్ముకున్నది ఈ ఆలోచననే. గిట్ మొదట్లో ఎంచుకున్న ఎస్‌హెచ్‌ఏ-1కు మాత్రం 2017లో ఒకే ముద్ర వచ్చే రెండు వేర్వేరు పీడీఎఫ్‌లను ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు, గూగుల్ వాళ్లు కలిసి తయారుచేసి చూపించారు. కొత్తగా కట్టేవాళ్లు దాని జోలికి పోవద్దు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పేజీ తన వివరాలు తానే మోయాలన్నాను. వివరాలు లోపల రాస్తే బైట్లు మారతాయి. బైట్లు మారితే పేరు మారుతుంది. రేపు అచ్చుతప్పు దిద్దితే మళ్లీ పేరు మారుతుంది, డేటాబేస్‌లోని లంకెలన్నీ తెగుతాయి. కాబట్టి లోపల రాసేవి ఎప్పటికీ మారనివే అయి ఉండాలి: గుర్తింపు సంఖ్య, ఏ సంచిక, ఎన్నో పేజీ, స్కాన్ చేసిన తేదీ. రచయిత పేరు అందులో రాయకూడదు. ఏడ్చి మొత్తుకున్నా రాయకూడదు. అభిప్రాయం మారడానికి అవకాశం ఉన్నదంతా బయట ఉండాలి.

తర్వాతి సంగతి చిన్నదిగా కనిపిస్తుంది. నా అనుభవంలో ఎక్కువ వ్యవస్థలు బోల్తా పడేది ఇక్కడే. కొత్త పేజీ వచ్చింది. సరుకు ఒక చోట రాయాలి, మెటాడేటా ఇంకో చోట రాయాలి. రెండూ ఒకే క్షణంలో జరగవు. మధ్యలో కరెంటు పోవచ్చు, నెట్‌వర్క్ తెగవచ్చు. ఏది ముందు రాయాలి?

మెటాడేటా ముందు రాశామనుకోండి. జాబితాలో కథ పేరు కనిపిస్తుంది, నొక్కితే ఏమీ రాదు. వంట కాకముందే విస్తళ్లు వేసి పంక్తిలో కూర్చోబెట్టినట్టు. సరుకు ముందు రాసి, మెటాడేటా రాసేలోగా ఆగిపోయిందనుకోండి. డిస్కులో ఒక మూల ఎవరికీ తెలియని ఫైలు పడి ఉంటుంది. చోటు దండగే గానీ ఎవరి మనసూ నొచ్చుకోదు. కాబట్టి ముందు వంట, తర్వాత విస్తరి. తొలగించేటప్పుడు దీనికి తిరగేసి: ముందు జాబితాలోంచి పేరు తీయాలి, తర్వాత తీరిగ్గా సరుకు తీయాలి.

మరి ఆ మూలన పడిన ఫైళ్ల సంగతి? వాటిని ఊడ్చడానికి ఒక ప్రోగ్రాం రాసుకుంటాం. నేను దాన్ని చీపురు అంటాను. జాబితాలో పేరు లేని ఫైళ్లన్నీ వెతికి తీసేయడం దాని పని. నా మొదటి చీపురు చాలా చురుకైనది. ఒక సాయంత్రం మిత్రులు 200 పేజీలు ఎక్కిస్తున్నారు. సరుకు వచ్చింది, మెటాడేటా ఇంకా రాలేదు. చీపురు వచ్చి చూసి, వీటికి పేర్లు లేవు, చెత్త అనుకుని ఊడ్చేసింది. ఆ వెనకే మెటాడేటా వచ్చి, 200 విస్తళ్లు వేసి కూర్చుంది. (నవ్వులు) కాగితం కట్టలు ఇంకా తిరిగి ఇవ్వలేదు కాబట్టి బతికిపోయాం. ఇప్పుడు మా చీపురు వారం దాటని ఫైలును ముట్టుకోదు. ముట్టుకున్నా వెంటనే పారేయదు, పక్క ఫోల్డర్‌లో ఇంకో నెల ఉంచుతుంది.

బ్యాకప్ దగ్గర ఈ వరస తిరగబడుతుంది, ఇది చాలామందికి తట్టదు. రాసేటప్పుడు సరుకు ముందు అన్నాను. బ్యాకప్ తీసేటప్పుడు మెటాడేటా ముందు తీయాలి. రాత్రి పదింటికి సరుకు ప్రతి తీసి, తెల్లవారుజామున మెటాడేటా ప్రతి తీశారనుకోండి. మధ్యలో వచ్చిన పేజీలకు ప్రతిలో పేర్లుంటాయి, పేజీలుండవు. మెటాడేటా ముందు తీస్తే, అందులో పేరున్న ప్రతిదానికీ అప్పటికే సరుకు ఉంది, తర్వాత తీసే ప్రతిలోకి అదీ వస్తుంది. బ్యాకప్ పూర్తయ్యేదాకా చీపురును మాత్రం గదిలో పెట్టి గొళ్లెం వేయాలి.

ఇక లంకెల లోపలి లంకెలు. శ్రీశ్రీ అన్నా శ్రీరంగం శ్రీనివాసరావు అన్నా ఒకరే. ఆరుద్ర అన్నా భాగవతుల సదాశివశంకర శాస్త్రి అన్నా ఒకరే. పాత సంచికల్లో ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట చివర, ఒకచోట పొడి అక్షరాలే. కథకు రచయిత పేరు అంటగడితే ఈ పేర్లన్నీ వేరు వేరు మనుషులైపోతాయి. మనిషికి ఒక సంఖ్య ఇచ్చి, కథను ఆ సంఖ్యకు ముడివేసి, పేర్లన్నీ ఆ సంఖ్య కింద రాసుకోవాలి. అందరూ కలిసి నింపే ఉచిత సమాచార భాండారం, 2012లో మొదలైన వికీడేటా చేస్తున్నది ఇదే. మీ రచయితకు అక్కడ ఇప్పటికే సంఖ్య ఉంటే దాన్నీ పక్కన రాసుకోండి, కొత్తగా చక్రం కనిపెట్టనక్కర్లేదు.

ఈ ముడి రెండు వైపులా వేయాలి. కథ నుంచి రచయితకు, రచయిత నుంచి కథకు. ఒకే డేటాబేస్ అయితే రెండూ ఒకేసారి పడతాయి. మెటాడేటా పెరిగి పదుల యంత్రాల మీద పంచినప్పుడు కథ ఒక యంత్రంలో, రచయిత ఇంకో యంత్రంలో ఉంటారు. ఒక వైపు ముడి పడి, రెండో వైపు పడకపోవచ్చు. మళ్లీ ఫేస్‌బుక్ ఉదాహరణే చెబుతాను. వాళ్ల మెటాడేటా వ్యవస్థ పేరు టావో, దాని గురించి 2013లో రాశారు. సెకనుకు 100 కోట్ల చదువులు చేయగలదన్నారు. వచ్చే పనిలో 99.8 శాతం చదవడమే. అటువంటి వ్యవస్థలోనే రెండు వైపుల ముళ్లూ ఒకేసారి పడతాయని హామీ ఇవ్వలేదు. ఒక వైపే పడిన ముడిని తర్వాత వెనక నుంచి వచ్చే ప్రోగ్రాం సరిచేస్తుందని నిజాయితీగా రాశారు. సరిచేసేదాకా ఒకరి జాబితాలో కనిపించింది ఇంకొకరి జాబితాలో కనిపించదు. ఎవరికి ఏది నచ్చిందో చెప్పే లైకుల జాబితాకు అది ఫరవాలేదు. బ్యాంకు ఖాతాకు పనికిరాదు. మీ సరుకు ఏ తరహాదో మీరే తేల్చుకోవాలి.

విద్యార్థులకు ఒక మాట. పంచడం గురించి చదవగానే పంచెయ్యాలనిపిస్తుంది. ముందు లెక్క వేయండి. ఒక మంచి గ్రంథాలయంలో 10 లక్షల పేజీలు స్కాన్ చేశారనుకుందాం. సరుకు 26 టెరాబైట్లు, దానికి డిస్కుల వరస కావాలి. మెటాడేటా పేజీకి ఒక కిలోబైటు చొప్పున 1 గిగాబైటు. మీ జేబులో ఉన్న ఫోను మెమరీలో పడుతుంది. దాన్ని పది యంత్రాలకు పంచి, పది యంత్రాల మధ్య తగవులు తీర్చుకుంటూ కూర్చోవడం అప్పు చేసి తలనొప్పి కొనుక్కోవడమే. సరుకును పంచండి. మెటాడేటాను ఒకచోట ఉంచి, దాని ప్రతులు అయిదారు తీయండి. 1 గిగాబైటు ప్రతి తీయడానికి పిసినారితనం ఎందుకు?

పిసినారితనం చూపవలసింది సరుకు దగ్గర. మూడు ప్రతులు తీస్తే 26 కాస్తా 78 టెరాబైట్లవుతుంది. సరుకును 10 ముక్కలు చేసి, వాటి నుంచి లెక్కగట్టిన 4 అదనపు ముక్కలు కలిపి, 14 చోట్ల పెడితే ఏ నాలుగు పోయినా మిగిలిన పదితో మొత్తం తిరిగి వస్తుంది. ఖర్చు 1.4 రెట్లే, సుమారు 36 టెరాబైట్లు. ఫేస్‌బుక్ వాళ్లు తక్కువగా చూసే పాత ఫొటోలను 2014 నాటికి ఇలా మార్చారు. కాకపోతే 14 డిస్కులు ఒకే గదిలో ఉంటే, ఆ గదిలోకి నీళ్లు వచ్చిన రోజు ఈ లెక్కలేవీ పనిచేయవు. అందుకే వాళ్లు వేరే ఊళ్లలోని డేటా కేంద్రాలను కూడా కలుపుకున్నారు. అప్పుడు ఖర్చు 2.1 రెట్లు అయింది.

నిర్వాహకులు గడియారం చూపిస్తున్నారు. ప్రశ్నలు తీసుకుంటాను.

(ఒక విద్యార్థి: ఇంత తంటా ఎందుకండీ, బొమ్మలను కూడా డేటాబేస్‌లోనే పెట్టేస్తే ఒకేసారి రెండూ పడతాయి కదా?)

మంచి ప్రశ్న. చిన్న బొమ్మలైతే నిక్షేపంలా పెట్టవచ్చు. 2006లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు కొలిచి చూశారు. 256 కిలోబైట్ల లోపు వస్తువులకు డేటాబేస్ మేలు, ఒక మెగాబైటు దాటితే ఫైళ్లే మేలు అని తేల్చారు. మధ్యలోది వాడకాన్ని బట్టి. మా పత్రికలో పేజీల చిన్న నమూనా బొమ్మలన్నీ డేటాబేస్‌లోనే ఉన్నాయి. 26 మెగాబైట్ల పేజీలను అందులో పెడితే బ్యాకప్ తీసే రాత్రి మీరు నిద్రపోరు.

(గ్రంథాలయం నుంచి వచ్చిన ఒకరు: మా దగ్గర ఒక కంప్యూటర్, రెండు హార్డ్ డిస్కులే ఉన్నాయి. మేమేం చేయగలం?)

మీరే అందరికంటే బాగా చేయగలరమ్మా. ప్రతి పేజీకి ఒక సంఖ్య ఇవ్వండి, పుస్తకం గ్రంథాలయంలోకి రాగానే మీరు వేసే పరిగ్రహణ సంఖ్యలాగే. దానిలో అర్థం పెట్టవద్దు, ఒకసారి ఇచ్చాక మార్చవద్దు, ఇంకొకదానికి ఇవ్వవద్దు. వివరాలు ఒక పట్టికలో రాయండి. ఆ పట్టికను మామూలు టెక్స్ట్ ఫైలుగా కూడా తీసి రెండు డిస్కుల్లోనూ వేయండి. రెండో డిస్కును ఇంకో ఇంట్లో ఉంచండి. నెలకోసారి పట్టికలో ఎక్కడో ఒక పది పేర్లు ఎంచి, ఆ పేజీలు తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. ఆ పదిలో ఒక చైత్రమో వైశాఖమో ఉండేలా చూసుకోండి.

(మరొకరు: మీ చైత్ర వైశాఖాలు ఇప్పుడు తెరుచుకుంటున్నాయా?)

తెరుచుకుంటున్నాయి. ఒక ఏడాది వైశాఖం తప్ప. ఆ సంచిక మాకు కాగితం మీదే దొరకలేదు. డేటాబేస్‌లో దానికి ఒక సంఖ్య ఇచ్చి, "వెలువడింది, ప్రతి దొరకలేదు" అని రాసి పెట్టాం. సరుకు లేని మెటాడేటా మా దగ్గర అదొక్కటే. తెలిసే పెట్టుకున్నాం, చీపురుకు కూడా ఆ సంగతి చెప్పి ఉంచాం. మీలో ఎవరి అటక మీదనైనా పాత పత్రికల కట్టలుంటే సభ అయ్యాక ఒకసారి నన్ను కలవండి.